బిస్కెట్ డబ్బాలో మాటలు: ఏడాది చదువు డైరీ

జనవరి 1

పని మొదలు. నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 తెలుగు పుస్తకాలు చదవాలి. అన్నీ ఒకే ప్రాంతం నుంచి రాకూడదు. ఉత్తరాంధ్ర, గోదావరి, గుంటూరు, నెల్లూరు, రాయలసీమ, తెలంగాణ, అన్నీ తిరిగి రావాలి. నేను తెనాలి పక్కన పల్లెటూళ్ళో పుట్టాను, 20 ఏళ్ళుగా హైదరాబాద్‌లో అకౌంట్స్ పని. ఇన్నేళ్ళలో చదివిందంతా జీఎస్టీ నోటిఫికేషన్లు, వాట్సాప్ మెసేజ్‌లు. ఒక నవల మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎప్పుడు చదివానా అని ఆలోచిస్తే పెళ్ళికి ముందు రోజులు గుర్తొచ్చాయి. నిన్న రాత్రి ఆ సంగతి తలుచుకుంటే నిజంగా బాధేసింది.

సూదీ దారం పెట్టుకునే నీలం రంగు గుండ్రటి బిస్కెట్ డబ్బా ఖాళీ చేశాను. ఒకవైపే ప్రింటయిన రఫ్ కాగితాలను ఎనిమిది ముక్కలుగా కత్తిరిస్తే అరచేతిలో పట్టే చీటీలు వచ్చాయి. తెలియని మాట ఎదురైతే ఒక చీటీ. పైన మాట, దాని కింద అది వచ్చిన వాక్యం, ఆ కింద మూడు గళ్ళు: నా ఊహ, అసలు అర్థం, చెప్పినవాళ్ళు. ఊహ రాయకుండా నిఘంటువు తెరవకూడదని నియమం. వెంటనే అర్థం చూసేస్తే ఆ మాట మనసులో నిలవదు, నాకు అది బడి రోజుల నుంచీ తెలుసు.

చదివే చోటు మెట్రో. మియాపూర్ మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది. లక్డీకాపూల్‌లో దిగేదాకా ఆ అరగంటా నాదే.

జనవరి 20

రావిశాస్త్రి ‘అల్పజీవి’ పూర్తయింది. సుబ్బయ్య అనే భయస్తుడైన గుమాస్తా కథ. విశాఖ మాటలు ఎక్కువ ఉంటాయనుకుని చీటీలు సిద్ధంగా పెట్టుకున్నాను కానీ 11 మాత్రమే పడ్డాయి. మాటలు కాదు, ఆ భయం పట్టుకుంది. పైవాళ్ళు పిలిచినప్పుడు కడుపులో ఏదో జారినట్టు ఉండే టెన్షన్ నాకు తెలుసు. అప్పు తీసుకున్న మనిషి ఎదుటివాడి మొహంలోకి చూడలేకపోవడం కూడా తెలుసు. ఒకరోజు ఖైరతాబాద్ దాకా కూడా చదవలేక పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

వేగం కూడా రాసుకున్నాను. ఒక వైపు ప్రయాణానికి 14 పేజీలు. ఈ లెక్కన 24 పుస్తకాలు కష్టమేమీ కాదు.

ఫిబ్రవరి 16

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు. ఈయన్ని చదవకుండా ఇన్నేళ్ళు ఎలా గడిపానో! మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటే కథ దానంతట అదే నడిచిపోతుంది. వర్ణన కోసం ఎక్కడా ఆగడు. గోదావరి జిల్లా ఇళ్ళలో ఆడవాళ్ళు ఎలా మాట్లాడేవారో చెవికి వినపడుతుంది. చదువుతుంటే తెలియకుండానే నా పెదాలు కదులుతున్నాయట. పక్క సీట్లో కూర్చున్న కాలేజీ అమ్మాయి అడిగింది, “ఆంటీ, మంత్రాలు చదువుతున్నారా?” అని. పుస్తకం చూపించాను. ఒక పేజీ చదివి నవ్వుకుంటూ ఇచ్చేసింది.

‘వడ్లగింజలు’ దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. పెద్దాపురం కోటలో చదరంగం ఆడే అవకాశం కోసం తంగిరాల శంకరప్ప పడే పాట్లు ఒక ఎత్తు. గడికి గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయే ఆ లెక్క ఇంకో ఎత్తు. లెక్కలు చూసే మనిషిని, ఊరుకోలేను కదా. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. రాత్రి ఎక్సెల్‌లో వేశాను. 15 అంకెలు దాటాక అది మిగతా వాటిని సున్నాలు చేసేస్తుంది. అందుకని మా పిల్ల లెక్కల పుస్తకంలో చేత్తో వేశాను. సగం బోర్డుకి, అంటే 32 గళ్ళకి, 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 గింజలు. ఇంతవరకూ రాజుగారి గాదెలు తట్టుకుంటాయేమో. 64 గళ్ళకీ కలిపితే 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. రాత్రి పన్నెండున్నరకి ఆ చివరి 5 పడినప్పుడు, ఎత్తు వేసి తలెత్తి రాజు వైపు చూసే ఆటగాడి సంతోషం ఏమిటో కొంచెం తెలిసింది.

చదరంగం మాటలు కొన్ని చీటీల కెక్కాయి. శకటు అంటే ఏ పావో మా పిల్లకి తెలియదు. తనకి తెలిసింది బిషప్.

మార్చి 12

ఈ నెల ఒకే పుస్తకం. కాళీపట్నం రామారావు గారి, అదే కారా మాస్టారి, ‘యజ్ఞంతో తొమ్మిది’. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన సంపుటి. మొదట ‘యజ్ఞం’ చదివాను. పంచాయితీ జరుగుతుంది, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎవరు ఎప్పుడు ఏం ఇచ్చారు అని. లెక్కల పుస్తకంలా పేజీలకు పేజీలు. నాకు బాగా అలవాటైన విషయం. అంకెలన్నీ సరిపోతున్నాయి, న్యాయం మాత్రం సరిపోవడం లేదు, అదెలాగా అని వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను.

చీటీలు: బుగత, కంబారి. బుగతకి నా ఊహ ‘పెద్దరైతు’. కంబారికి ‘కమ్మరి?’ అని రాసి పెట్టాను. నిఘంటువు తెరవబోతూ ఆగాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది శ్రీకాకుళం జిల్లా. సాయంత్రం వాళ్ళావిడ మెట్లు కడుగుతుంటే చీటీ పట్టుకుని కిందికి వెళ్ళాను. మాట చెప్పగానే బకెట్ పక్కన పెట్టింది.

“కంబారంటే ఏడాదికింతని బుగతోరింట్లో ఉండిపోడమేనమ్మా. మా తాత కంబారే. పొద్దు పొడవకముందే ఎలిపోయీవోడు. రేత్రి అందరూ తొంగున్నాక వొచ్చీవోడు. నాను సిన్నపిల్లని, ఆడి మొకం వెలుగులో సూసింది తక్కువే.”

నేను ‘కమ్మరి?’ అని రాసుకున్న గడి మీద వేలు పెట్టి దాచుకున్నాను.

“ఈ మాట పుస్తకంలో రాసేరా?” అని అడిగింది. రాశారు, మీ జిల్లా వాళ్ళే రాశారు అన్నాను. చదవమంది. గేటు దగ్గర ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని మొదటి మూడు పేజీలు చదివాను. నేను ఎక్కడెక్కడ తప్పు పలుకుతున్నానో ఆమె మొహంలో తెలిసిపోతోంది. రెండు చోట్ల ఆపి సరిచేసింది. నేను సాగదీయాల్సిన చోట తెంచేస్తున్నాను.

మర్నాడు ఆఖరికి ఏమైందని అడిగింది. చెప్పాలా వద్దా అనుకుని చెప్పేశాను. బాకీ కింద భూమి పోతుందని తేలాక, తన కొడుకు పాలేరు బతుకు బతకకూడదని సీతారాముడు ఆ పసివాణ్ణే నరికేస్తాడు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. బట్ట పిండి, దులిపి, కమ్మీ మీద ఆరేసింది. తర్వాత అంది: “ఆడు సేసింది తప్పేనమ్మా. ఆడి భయం తప్పు కాదు.”

ఈ వాక్యం చీటీ మీద పట్టదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పటికి ఈ కథ గురించి నాలుగైదు వ్యాసాలు చదివాను, ఏదీ నాకు ఇంతకన్నా ఎక్కువ చెప్పలేదు.

కారా మాస్టారు శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు, 1997 ఫిబ్రవరి 22న తెరిచారు, తెలుగు కథలన్నిటికీ అది ఇల్లు అని చెప్పాను. ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చూసొస్తానంది.

ఏప్రిల్ 18

ఉగాది వెళ్ళాక అమ్మ వచ్చింది. ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళజోడు, గంటగంటకీ చుక్కలు, తలస్నానం వద్దు, వంగొద్దు. రెండో కన్ను నెల తర్వాత చేద్దామన్నారు కానీ సుగర్ తగ్గేదాకా కుదరదని ఇవాళ వాయిదా వేశారు. అమ్మ రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివే మనిషి. కళ్ళు మూసుకుని కూర్చోవడం ఆమెకి జైలు.

రాత్రి నేను పుస్తకం తీస్తే పక్క గదిలోంచి అంది: “ఏమే, ఆ చదివేదేదో పైకే చదవొచ్చుగా. కళ్ళకే కదా ఆపరేషను, చెవులకి కాదుగా.”

అలా ‘మాలపల్లి’ మొదలైంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు వేలూరు జైల్లో రాశారని చెప్పగానే లేచి కూర్చుంది. “ఇంత పుస్తకం జైల్లో రాశాడా!” అచ్చయ్యాక మద్రాసు ప్రభుత్వం నిషేధించిందని కూడా చెప్పాను. “అయితే చదవాల్సిందే” అంది.

పైకి చదివితే అరగంటకి తొమ్మిది పేజీలే. మెట్రో లెక్క తప్పింది. 24 సంగతి ఇక్కడే తేలిపోయింది, అయినా ఆపాలనిపించలేదు.

ఏప్రిల్ 27

కూలి గింజలకు బదులు డబ్బులిస్తామని చౌదరయ్య తగవు పెట్టే చోటికి వచ్చాం. డబ్బిస్తే తేడా ఏముంది అన్నాను. అమ్మకి కోపం వచ్చింది. “గింజల ధర పెరిగితే ఆ డబ్బుకి గింజలు ఎన్నొస్తాయే? కడుపుకి కావాల్సింది గింజలు. ఆ మాత్రం తెలియకుండా లెక్కలు రాస్తున్నావా?”

కుంచం అంటే ఎంత అని అడిగాను. నా పెళ్ళికి సారెలో ఇచ్చిన ఇత్తడి సోల, గిద్దె అటక మీద ఉన్నాయి. దింపించింది. చింతపండుతో తోమించింది. స్టీలు బేసిన్ నేల మీద పెట్టి బియ్యం కొలిచాం. నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. అంటే 16 సోలలు. నేను ‘ఒకటి’ అనబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు, ‘లాభం’ అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, గింజలు పడే చప్పుడు బట్టి సోల నిండిందో లేదో చెబుతోంది. “తల కొట్టకు, అలా మోపుగా పోయి.” పదహారు అయ్యాక బేసిన్ వైపు చూశాను. కుంచం అంటే ఇంత. ఈ మాట నేను ఎన్ని పాటల్లో, సామెతల్లో విన్నానో లెక్క లేదు, చూడ్డం ఇదే మొదటిసారి.

పిల్ల వచ్చి వీడియో తీసుకుంది. అమ్మమ్మ లెక్కపెట్టే ‘లాభం’ దానికి తెగ నచ్చింది.

మే 6

ఈ ‘మాలపల్లి’ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను. పాత కాపీ, చౌకగా వచ్చిందని సంతోషపడ్డాను. నిన్న రాత్రి 192వ పేజీ తర్వాత 209 వచ్చింది. ఒక ఫారం మొత్తం, 16 పేజీలు, లేనే లేదు. బైండింగ్‌లోనే పోయినట్టుంది. దాటేసి చదువుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. “మధ్యలో ఏం జరిగిందో తెలియకుండా ముందుకెలా పోతావు? వాళ్ళేమైపోయారో!” వాళ్ళంటే రామదాసు, మహాలక్ష్మి. మా వీధిలో మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడుతోంది.

నెట్‌లో స్కాన్ కాపీ దొరికింది. కానీ అక్షరాలు అలుక్కుపోయాయి, ముద్రణ కూడా వేరు.

మే 17

నిన్న సెలవు పెట్టి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళాను. ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలతో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. వరండాలో, చెట్ల కింద కూడా కూర్చుని చదువుతున్నారు. పాత నవలల వైపు మాత్రం నేనొక్కదాన్నే. అక్కడ పనిచేసే పెద్దాయన ఓపిగ్గా రెండు ముద్రణలు తీసి ఇచ్చారు. పేజీ నంబర్లు కలవలేదు కాబట్టి మా కాపీలో ఆగిపోయిన వాక్యం పట్టుకుని వెతికాను. 40 నిమిషాలు పట్టింది. 18 పేజీలు జిరాక్స్ తీయించాను.

ఇంటికొచ్చి కాగితాలు సైజుకి కత్తిరించి, మైదా జిగురు ఉడికించాను. పురుగు పట్టకుండా బైండింగ్ వాళ్ళు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. నేనూ చిటికెడు కలిపాను. పేజీలను వెన్ను దగ్గర అంగుళంలో పావు వంతు మాత్రమే జిగురుతో పట్టించాలి. ఎక్కువ పూస్తే పుస్తకం పూర్తిగా విచ్చుకోదు. మొదటి రెండు పేజీలు అలా పాడయ్యాయి, మళ్ళీ తీసి అంటించాను. రాత్రంతా పప్పు డబ్బాలు బరువు పెట్టాను.

పొద్దున అమ్మ వేళ్ళతో తడిమి చూసి బాగుందంది.

మే 30

రామదాసు కొడుకు సంగదాసు పోయిన దగ్గర నా గొంతు పూడుకుపోయింది. అమ్మ “మంచినీళ్ళు తాగి చదువు” అంది కానీ ఆమె గొంతు కూడా సరిగా లేదు. నల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే, ఆపరేషన్ కన్ను రుద్దొద్దమ్మా అని అరిచాను. ఇంతకీ ఆ చావుని మెట్రోలో, పేజీకి రెండు నిమిషాల వేగంతో చదివి ఉంటే నాకు ఇంత బరువుగా తగిలేది కాదు. ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

జూన్ 11

సెలవుల్లో పిల్లని కూడా లాగాం. తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ‘కన్యాశుల్కం’ పాత్రలు పంచుకుని చదివాం. గిరీశం దానికిచ్చాను. అతని ఇంగ్లిష్ ముక్కలు ధారగా వస్తాయి, వెనకనే వచ్చే తెలుగు దగ్గర తడబడుతుంది. మూడో రోజుకి ఆ తడబాటు తగ్గింది. మధురవాణి అమ్మ. పుస్తకం చూడకుండానే కొన్ని మాటలు చెప్పేసింది, చిన్నప్పుడు ఊళ్ళో నాటకం చూసిందట.

ఈ నాటకం మొదట ఆడింది 1892లో. 1897లో అచ్చయింది, మనం ఇప్పుడు చదివేది గురజాడ పెంచి, మార్చి 1909లో తెచ్చిన రూపం. అన్నేళ్ళు ఒకే నాటకం మీద కూర్చున్న మనిషి! పిల్ల అడిగింది: “ఈ పెళ్ళికూతుళ్ళ వయసు ఎంత?” చెప్పాం. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కాసేపు చదవలేదు. ఆ తర్వాత, డబ్బిచ్చి చిన్నపిల్లని పెళ్ళాడబోయే ముసలి లుబ్ధావధాన్లు పాత్ర తను చదవనంది, అది నాకొచ్చింది.

జూలై 14

నష్టం. ఏసీ నీళ్ళు గోడ వెంట కారి అల్మారాలోకి దిగాయి. డబ్బా మూత సరిగా పెట్టలేదు. జెల్ పెన్నుతో రాసిన చీటీలన్నీ నీలం మరకలయ్యాయి. బాల్‌పెన్‌వి నిలిచాయి. 60 దాకా తడిస్తే బట్టల క్లిప్పులు పెట్టి బాల్కనీ తాడు మీద ఆరేశాం. 31 చీటీలు జ్ఞాపకం మీద మళ్ళీ రాశాను. తొమ్మిది పూర్తిగా పోయాయి, ఏ మాటలో కూడా గుర్తు రాలేదు. రెండు రోజులు మనసు మనసులో లేదు.

ఇకపై పెన్సిలు. నీళ్ళకి పెన్సిలు చెదరదు.

ఆగస్టు 23

నామిని సుబ్రహ్మణ్యం నాయుడి ‘పచ్చనాకు సాక్షిగా’. మెట్రోలో మొదలుపెట్టి పది పేజీలకే ఆగిపోయాను. చిత్తూరు పల్లె మాట, నోటికి ఎలా వస్తే అలాగే రాశాడు. కళ్ళకి అడ్డం పడుతోంది. రాత్రి అమ్మకి పైకి చదవడం మొదలుపెట్టాక ముడి విడిపోయింది. ‘యాడికి’, ‘ఎట్ట’ లాంటివి చూపుకి కొత్తగా ఉంటాయి, నాలుక మీద పడగానే తెలిసిపోతాయి. ఇది చెవి కోసం రాసిన పుస్తకం. ఎవరైనా చదవబోతే నా సలహా ఒకటే, తలుపు వేసుకుని గొంతెత్తి చదవండి.

అమ్మ గుంటూరు మాట ఆ చిత్తూరు మాటతో చాలాసార్లు గొడవపడింది. కయ్య అంటే తగాదా కదా అంది. కాదు, అక్కడ వరి మడి. ఎనుము అంటే గేదె. సూర్యాపేట మా తోడికోడలికి ఫోన్ చేస్తే “మేం బర్రె అంటం అక్కా” అంది. ఒకే జంతువుకి మూడు చీటీలు. వేరుశనగకి ఇంకా ఎక్కువ: మా ఇంట్లో వేరుశనక్కాయలు, తోడికోడలికి పల్లీలు, ఆఫీసులో కర్నూలు సహోద్యోగికి బుడ్డలు. ఆయన బుడ్డలు అంటే మొదట్లో ఆఫీసంతా నవ్వేవారట, అందుకని మానేశానన్నాడు. ఆ చీటీ మీద ఆయన చేతే రాయించాను.

ఆగస్టు 31

చిక్కడపల్లి పెద్దాయన ఒక పుస్తకం చూపించారు. ‘మాండలిక వృత్తి పదకోశం’, మొదటి సంపుటం, వ్యవసాయ పదాలు, 1962. భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకులు. జిల్లా జిల్లాలో రైతుల్ని అడిగి, ఒక్కో పనిముట్టుకి, ఒక్కో పనికి ఎక్కడ ఏమంటారో పోగుచేశారు. ఆ మాటల ఆధారంగానే తెలుగుని నాలుగు మాండలికాలుగా విడదీసి చూపించారు. నేను ఎనిమిది నెలలుగా డబ్బాలో చీటీలతో చేస్తున్న పని, 60 ఏళ్ళ కిందటే ఊరూరా తిరిగి చేశారు. రెండు గంటలు నిలబడే తిరగేశాను. నాకు కాళ్ళ నొప్పి తెలియలేదు.

ఇంటికొచ్చి అమ్మని నాగలి భాగాలు అడిగాను. మేడి, కాడి, కర్రు, ఇంకా చెప్పుకుంటూ పోయింది. నేను పుట్టేనాటికే మా ఇంట్లోకి ట్రాక్టరు వచ్చేసింది. ఇప్పటిదాకా ఈ మాటలు అమ్మని అడగాలని నాకు తోచలేదు.

సెప్టెంబర్ 30

ఆడిట్ నెల. చదివింది చాలా తక్కువ. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’ నెల మొదట్లో ఎత్తుకున్నాను. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీకి 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ రాయించిన నవల. అడవి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. 29 రోజుల్లో ఆయన చెప్పిన పుస్తకం నాకు 29 రోజుల్లో 210 పేజీలు అయింది. రాత్రి పదకొండుకి ఆఫీసు నుంచి వచ్చి చదివేది కాదు ఇది. తీరిక ఉన్నప్పుడు మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెడతాను. పట్టికలో ‘ఆపాను’ అని రాశాను.

నవంబర్ 20

అక్టోబర్‌లో అమ్మ రెండో కన్ను కూడా అయింది. నిన్న కొత్త కళ్ళజోడు వచ్చింది. పొద్దున్నే పేపరు తెచ్చుకుని బాల్కనీలో కూర్చుంది. గ్రంథాలయ వారోత్సవాల ఆఖరి రోజని వార్త చదివి వినిపించింది. ఏడు నెలల తర్వాత ఆమె చదవడం, నేను వినడం.

ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఈ నెల మెట్రోలోనే అయిపోయింది. నెల్లూరు పిల్లాడి గొంతు. పైకి చదవడానికి ఇంట్లో ఎవరూ ఖాళీగా లేరు, అమ్మకి ఇక నా అవసరం లేదు. రాత్రి ఎనిమిదిన్నర కాగానే ఏదో వెలితి. ఆ సంగతి అమ్మతో అంటే, “కళ్ళొచ్చినా చెవులు ఉన్నాయిగా, చదువు” అంది. దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ తీశాను. నిజాం రోజుల తెలంగాణ పల్లె, దొర, గడీ, వెట్టి. నేను రాత్రి ఆపిన చోట ఆగలేక, పగలు నేను ఆఫీసుకి పోయాక అమ్మ ముందుకి చదివేస్తోంది. రాత్రి ఏమీ తెలియనట్టు మళ్ళీ వింటోంది. గుర్తు కాగితం జరిగి ఉండటం చూసి కనిపెట్టాను.

డిసెంబర్ 28

ఇవాళ లెక్క. అనుకున్నవి 24, పూర్తయినవి 13, ఆపినవి 2. చీటీలు, తడిసి పోయినవి తీసేస్తే 387. నా ఊహ సరిపోయినవి 121.

‘చెప్పినవాళ్ళు’ గడి కూడా లెక్కపెట్టాను. అమ్మ 146. నిఘంటువులు 98. వాచ్‌మన్ భార్య 41. తోడికోడలు 33. కర్నూలు సహోద్యోగి 27. ఎవరూ చెప్పనివి 42. చిక్కడపల్లిలో మళ్ళీ అడగాలి.

నిఘంటువులు చెప్పినవాటిలో నాకు ఇప్పుడు గుర్తున్నవి తక్కువ. మనుషులు చెప్పిన మాటలు మాత్రం ఒక్కటీ పోలేదు. కంబారి అనగానే తడి బట్ట పిండుతున్న చేతులు కనపడతాయి. కుంచం అనగానే గింజల చప్పుడు.

వచ్చే ఏడాదికి సంఖ్య పెట్టుకోవడం లేదు. ‘వేయిపడగలు’ ఎండాకాలంలో. మిగిలినవి ఎవరి దగ్గర ఏ మాట దొరుకుతుందో చూసుకుని.

డిసెంబర్ 31

చీటీలు రబ్బరు బ్యాండ్లు వేసి ప్రాంతాలవారీగా సర్దుతుంటే తెలంగాణ కట్టలో నాది కాని చీటీ దొరికింది. పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలు. అమ్మ రాత.

మాట: ఆడబాప.

నా ఊహ గడిలో ‘ఆడబిడ్డా?’ అని రాసి కొట్టేసింది. అసలు అర్థం గడిలో, చోటు చాలక పక్కకి, పైకి తిప్పి రాసింది: ‘దొర కూతురికి పెళ్ళయితే ఆమె వెంట అత్తారింటికి పంపే దాసీ పిల్ల. పెళ్ళి ఉండదు. దొరలు ఏం చేసినా పడాలి.’

చెప్పినవాళ్ళు గడిలో: ‘కథలో ఆ పిల్లే.’

388.